మహమ్మారి వేళ ప్రార్థనాలయాలు: మూయడం సరే, తెరిచే వరుసలో మన చోటెక్కడ?

నీలికాగితం:

కోవిడ్ రోజుల్లో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా, యూదుల సినగాగ్ అన్నీ మూతపడ్డాయి. ఇప్పుడు ఆ మాట కదిలిస్తే రెండు రకాల జవాబులే వినిపిస్తాయి. "ప్రాణం కంటే పూజ ఎక్కువా?" అని ఒకరు. "దేవుడి దగ్గరికి వెళ్లడానికి కూడా సర్కారు పర్మిషనా?" అని ఇంకొకరు. ఈ రెండింటితో నాకు తృప్తి కలగడం లేదు.

వేర్వేరు దేశాల్లో ఏం జరిగిందో కొంతకాలంగా చదువుతున్నాను. మొదటి వారాల్లో మూసివేత మీద విశ్వాసుల్లో ఎక్కువమందికి పేచీ లేదు. సౌదీ అరేబియా 2020 ఫిబ్రవరి చివర్లోనే విదేశీ యాత్రికులకు ఉమ్రా (హజ్ కాని రోజుల్లో చేసే మక్కా యాత్ర) ఆపేసింది. ఆ ఏడాది హజ్‌కు దేశంలో అప్పటికే ఉన్నవాళ్లలోంచి సుమారు వెయ్యి మందినే అనుమతించింది. అంతకు ముందు ఏడాది హజ్ చేసినవాళ్లు దాదాపు 25 లక్షలు. మార్చి 27న పోప్ ఫ్రాన్సిస్ జనం లేని సెయింట్ పీటర్స్ స్క్వేర్‌లో, వానలో నిలబడి ప్రార్థన చేశారు. ఇంతటిదానికి సిద్ధపడిన మనుషులు ఆ తర్వాత కోర్టులకు ఎందుకు ఎక్కారు? నాకు తోచిన జవాబు ఇది: మళ్లీ తెరిచేటప్పుడు ప్రార్థనను వరుసలో ఎక్కడో చివర నిలబెట్టారు. పైగా నియమాలు రాసేటప్పుడు చాలాచోట్ల వాళ్లను ఒక్క మాట కూడా అడగలేదు.

మీకు తెలిసినవి, మీరు పడినవి రాయండి. "మా మతం పద్ధతిగా ఉంది, మీ మతం చెడగొట్టింది" అనే పోటీ మాత్రం వద్దని మనవి.

రాత్రిడ్యూటీ:

నేను కోవిడ్ వార్డులో నర్సుగా పనిచేశాను. కాబట్టి "అనవసరంగా మూశారు" అనే మాట నాకు మింగుడు పడదు. ముందు జబ్బు సంగతి మాట్లాడుకుందాం.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, స్కాజిట్ వ్యాలీ గాన బృందం 2020 మార్చి 10న రెండున్నర గంటల పాటు సాధన చేసింది. వచ్చినవాళ్లు 61 మంది. వాళ్లలో 53 మందికి జబ్బు చేసింది. 33 మందికి పరీక్షలో తేలింది, మిగతా 20 మందిని లక్షణాలను బట్టి లెక్కేశారు. ఇద్దరు చనిపోయారు. వాళ్లేమీ నిర్లక్ష్యంగా ఉన్న మనుషులు కారు. గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టుకున్నారు, కౌగిలింతలు మానుకున్నారు. కానీ మూసిన గది, ఎక్కువ సేపు, గొంతెత్తి పాడటం, ఈ మూడూ ఒకచోట కలిశాయి. ప్రార్థనల్లో చాలావాటికి ఈ మూడూ ఉంటాయి.

దక్షిణ కొరియాలోని డేగులో షించోంజీ చర్చి, ఫ్రాన్స్‌లోని ములూజ్‌లో వారం పాటు జరిగిన ప్రార్థన సభలు, మలేసియాలో శ్రీ పెటాలింగ్ మసీదులో దాదాపు 16 వేల మంది కలిసిన సమావేశం: జబ్బు బాగా పాకిన ఈ సభలన్నీ 2020 ఫిబ్రవరి, మార్చి మొదటి రోజుల నాటివి. అక్కడికి వెళ్లినవాళ్లు ఏ ఆంక్షనూ ఉల్లంఘించలేదు, ఎందుకంటే అప్పటికి అలాంటి ఆంక్షే లేదు. ఆ మనుషుల్ని నేరస్థుల్లా చూడటం అన్యాయం. అయితే అలాంటి సభలు ఇంకో నెల సాగనిచ్చి ఉంటే ఏమయ్యేదో కూడా ఆలోచించండి.

ప్రశ్నించేవాడు:

నాకు అసలు ప్రశ్నే వేరు. సినిమా హాలు మూశారు, లైబ్రరీ మూశారు, పెళ్లిళ్లకు యాభై మందే అన్నారు. నాటకం వేసి బతికే కళాకారుడికి వేదిక అంతే ప్రాణం. అతనికి లేని ప్రత్యేక హక్కు ప్రార్థనకెందుకు? నేను దేవుణ్ణి నమ్మను, కానీ ఎగతాళికి అడగడం లేదు. సమానంగా మూశారంటే అన్యాయం ఎక్కడుందో చెప్పండి.

కోర్టుమెట్లు:

ప్రశ్నించేవాడు గారూ, మంచి ప్రశ్న. ప్రపంచంలో పెద్ద పెద్ద కోర్టులు సరిగ్గా దీని మీదే చీలిపోయాయి. నేను లాయర్‌ని, కొంచెం వివరంగా రాస్తాను.

మొదట మన రాజ్యాంగం. 25వ అధికరణ మత స్వేచ్ఛను ఇస్తూనే, అది శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే మూడింటికి లోబడి ఉంటుందని మొదటి వాక్యంలోనే చెప్పింది. అంటే మహమ్మారిలో ఆంక్ష పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది, దాని మీద వాదనే లేదు. ఐరోపా మానవ హక్కుల ఒప్పందంలోని 9వ అధికరణ కూడా ఆరోగ్యం పేరుతో పరిమితులు పెట్టొచ్చంటుంది. వాదనంతా "ఎంత మేరకు" అన్న దగ్గరే.

జర్మనీ ఉదాహరణ నాకు అన్నిటికంటే నచ్చింది. 2020 ఏప్రిల్ 10న, ఈస్టర్ ముందు, అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం హెస్సే రాష్ట్రంలోని నిషేధాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు. ఇది మత స్వేచ్ఛ మీద చాలా తీవ్రమైన దెబ్బే, అయినా ప్రస్తుతానికి ప్రాణరక్షణే ముందు అంది. నిషేధం కొద్ది రోజులకే పరిమితమని, పొడిగించాలంటే మళ్లీ కఠినంగా పరీక్షించుకోవాలని కూడా అంది. ఆ నెల 29న లోయర్ సాక్సనీ నుంచి ఒక ముస్లిం సంఘం వచ్చింది. మాస్కులు పెట్టుకుంటాం, నిలబడే చోట్లు గుర్తులేస్తాం, పాడం, కొద్దిమందితో పలుమార్లు జుమా (శుక్రవారం సామూహిక నమాజు) చేస్తాం అంది. అప్పటికి పరిస్థితి కొంత మారింది, దుకాణాలు తెరుచుకుంటున్నాయి. ఒక్క మినహాయింపుకు కూడా చోటివ్వని నిషేధం చెల్లదని, ఒక్కో దరఖాస్తును విడిగా చూడాలని అదే కోర్టు అంది. మూడు వారాలలోపు రెండు వేర్వేరు జవాబులు, రెంటికీ కారణం ఉంది.

ఫ్రాన్స్‌లో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2020 మే 18న ప్రార్థనా స్థలాల్లో కూడికల మీద ఉన్న పూర్తి నిషేధం అతిగా ఉందని, 8 రోజుల్లో మార్చమని చెప్పింది. పది మంది లోపు ఇతర కూడికలకు అప్పటికే అనుమతి ఉండటం ఒక ముఖ్య కారణం. నవంబరులో ప్రభుత్వం ఎంత పెద్ద భవనమైనా 30 మందే అంది. చిన్న ప్రార్థనాలయానికీ, మహా కెథెడ్రల్‌కూ ఒకే లెక్క! 29న కోర్టు దాన్నీ మార్చమంది. ఆ తర్వాత వరుస విడిచి వరుస, మనుషుల మధ్య రెండు ఖాళీ కుర్చీలు అనే పద్ధతి వచ్చింది. ఇదేదో మొదటి రోజే అడిగుంటే చర్చివాళ్లే చెప్పేవాళ్లు.

ప్రత్యేక హక్కు కాదండీ వీళ్లు అడిగింది. తమతో పోల్చదగ్గ చోట్లకు ఇచ్చినంత ఇవ్వమన్నారు.

తలుపుతాళం:

కోర్టుమెట్లు గారు సౌమ్యంగా చెప్పారు, నేను సూటిగా అంటాను. మన దేశంలో 2020 మే 4 నుంచి మద్యం దుకాణాలు తెరవనిచ్చారు. ప్రార్థనా స్థలాలకు జూన్ 8 దాకా ఆగమన్నారు. ఆ దుకాణాల ముందు క్యూలు దేశమంతా టీవీల్లో చూసింది. ఆదాయం కావాలి కాబట్టి తెరిచారు, ఒప్పుకుంటే సరిపోయేది. అలా ఒప్పుకోకుండా ఆరోగ్యం పేరు చెప్పడం వల్లే జనానికి నమ్మకం పోయింది.

వాషింగ్టన్ డీసీలో ఇంకో రకం. ఒక బాప్టిస్ట్ చర్చి ఆన్‌లైన్ ఆరాధన చేయదు, సంఘమంతా ఒకచోట కూడటమే ఆరాధన అని దాని నమ్మకం. ఆరుబయట, మాస్కులతో, దూరం పాటిస్తూ కూడుతామని అడిగితే వంద మంది మించొద్దన్నారు. అదే వేసవిలో అదే నగరంలో వేలమందితో ఊరేగింపులు జరిగాయి, వాటిని మేయరు మెచ్చుకున్నారు కూడా. నిరసన హక్కు గొప్పదే, నేను కాదనను. ఆరుబయటి నిరసనకు లేని ప్రమాదం ఆరుబయటి ప్రార్థనకు ఎక్కడి నుంచి వచ్చింది? 2020 అక్టోబరులో జడ్జి కూడా ఇదే అడిగి చర్చికి అనుమతిచ్చారు.

సఫ్:

అస్సలాము అలైకుం. అందరికీ నమస్కారం. నేను ఒక మసీదు కమిటీలో పనిచేస్తున్నాను.

మా దగ్గర మూసివేత మీద చర్చ ఎక్కువసేపు నడవలేదు. ప్లేగు ఉన్న ప్రాంతానికి వెళ్లొద్దు, మీరున్న చోట వస్తే అక్కడి నుంచి బయటికి పోవద్దు అని హదీసు (ప్రవక్త మాట) ఉంది. మాలో చిన్నపిల్లలకు కూడా అది తెలుసు. 2020 మార్చిలో కువైట్‌లో అజాన్‌లో "నమాజుకు రండి" అనే చోట "మీ ఇళ్లలోనే నమాజు చేసుకోండి" అని పిలిచారు. ఆ రికార్డింగు విన్న మా పెద్దలు ఏడ్చారు. కానీ అది కొత్తగా కల్పించింది కాదు, తుఫాను రాత్రుల కోసం మొదటి నుంచీ ఉన్న వెసులుబాటే.

మమ్మల్ని బాధపెట్టింది మూసిన తలుపు కాదు. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో తబ్లిగీ జమాత్ అనే ముస్లిం ప్రచార సంస్థ సభకు వచ్చినవాళ్లలో కోవిడ్ బయటపడిందన్న వార్తల తర్వాత మా పిల్లలు వీధిలోకి వెళ్లడానికి భయపడ్డారు. కూరగాయలు అమ్ముకునేవాణ్ణి పేరు అడిగి పంపించేశారు. జబ్బుకు మతం అంటగట్టారు. 2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లిగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని రాసింది. వాళ్లకు చోటిచ్చారని కేసు ఎదుర్కొన్న 70 మంది భారతీయుల మీద అభియోగ పత్రాలను ఢిల్లీ హైకోర్టు 2025 జులైలో కొట్టేసింది. ఐదేళ్లు పట్టింది! టీవీలో పడిన మచ్చ పోగొట్టడానికి ఏ కోర్టుకూ చేతకాదు.

తర్వాత టెస్టులకు రమ్మంటే మావాళ్లు కొందరు దాక్కున్నారు. తప్పే. ఎందుకు దాక్కున్నారో మాత్రం నాకు బాగా తెలుసు.

రాత్రిడ్యూటీ:

సఫ్ భాయ్, మీరన్నది అక్షరాలా నిజం, ఆసుపత్రి వైపు నుంచి కూడా. ఒక గుంపును దోషిగా నిలబెట్టిన రోజున, ఆ గుంపులోని రోగులు ఆలస్యంగా వస్తారు. వచ్చేసరికి ఆక్సిజన్ పడిపోయి ఉంటుంది. ఈ భయం అన్ని దేశాల్లోనూ చూశాం. కొరియాలో షించోంజీకి సంబంధించి ఐదు వేలకు పైగా కేసులు తేలాయి. వాళ్ల సభ్యుల్లో చాలామంది తమ మతం గురించి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోని పరిస్థితి ముందు నుంచీ ఉంది. అలాంటి మనిషి ఫోనెత్తి "నేను ఆ సభకు వెళ్లాను" అని ఎలా చెబుతాడు? వాళ్ల వ్యవస్థాపకుణ్ణి అరెస్టు చేశారు. అంటువ్యాధుల చట్టం కింద పెట్టిన కేసులో చివరికి నిర్దోషి అన్నారు, డబ్బు కాజేసిన కేసులో మాత్రం శిక్ష పడింది.

తలుపుతాళం గారూ, మీతో మాత్రం ఒక పేచీ ఉంది. దుకాణంలో మనిషి కాసేపే ఉంటాడు, గంటసేపు పాడడు. అందుకని "దుకాణం తెరిచారు కాబట్టి చర్చి తెరవాలి" అనే పోలిక వైద్యపరంగా నిలబడదు. మీ ఆరుబయటి ఉదాహరణ మాత్రం నిలబడుతుంది.

కోర్టుమెట్లు:

నర్సు గారు ఇప్పుడు చెప్పింది సరిగ్గా అమెరికా సుప్రీంకోర్టులో జరిగిన వాదం. 2020 మే 29న కాలిఫోర్నియా చర్చి కేసులో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ ఆమె మాటే రాశారు: ఎక్కువమంది ఎక్కువసేపు దగ్గరగా కూర్చునే కచేరీలు, సినిమాలతో చర్చిని పోల్చాలి, కిరాణా దుకాణాలతో కాదు అని. 5-4తో ఆంక్ష నిలబడింది. నవంబరు 25న న్యూయార్క్ కేసులో, బ్రూక్లిన్ కాథలిక్కులూ ఆర్థడాక్స్ యూదులూ కలిసి వచ్చినప్పుడు, 5-4తోనే ఫలితం తిరగబడింది. అక్కడ కేసులు బాగా ఎక్కువున్న రెడ్ జోన్‌లో ప్రార్థనకు 10 మంది, దాని తర్వాతి ఆరెంజ్‌లో 25 మంది. వెయ్యి మంది పట్టే చర్చికీ అంతే. పక్కనే "అత్యవసరం" అన్న పేరున్న వ్యాపారాలకు పరిమితే లేదు. మధ్యలో జడ్జి గిన్స్‌బర్గ్ చనిపోయి జడ్జి బ్యారెట్ వచ్చారు కాబట్టే తీర్పు మారిందని కొందరంటారు, అది చాలావరకు నిజమే. కానీ భవనం ఎంత పెద్దదో చూడకుండా పదిమంది అనే అంకె వేయడం ఏ లెక్కన చూసినా సమర్థించుకోలేనిది.

మన సుప్రీంకోర్టు కూడా ఒక చోట గట్టిగానే అంది. 2020 ఆగస్టు 21న జైనుల పండుగ పర్యూషణ్ చివరి రెండు రోజులకు ముంబైలో మూడు జైన దేవాలయాలు తెరవనిస్తూ, డబ్బు వచ్చే పనులకైతే రిస్కు తీసుకుంటారు, మతం అనేసరికి కోవిడ్ గుర్తొస్తుందా అన్నట్టుగా చీఫ్ జస్టిస్ బోబ్డే వ్యాఖ్యానించారు. వారం తిరక్కుండా దేశమంతటా మొహర్రం ఊరేగింపులకు అనుమతి అడిగితే అదే కోర్టు ఇవ్వలేదు. మూడు గుళ్లంటే ప్రమాదం లెక్కకట్టగలం, దేశమంతటికీ ఒకే ఉత్తర్వంటే గందరగోళం అవుతుంది, తర్వాత ఒక సమాజాన్నే వేలెత్తి చూపిస్తారు అన్నారు. కొందరికి అది రెండు నాలుకల ధోరణిలా కనిపించింది. నాకు అందులో తర్కం కనిపించింది.

గర్భగుడి_గుమ్మం:

మా నాన్నగారు అర్చకులు. ఇన్ని కోర్టుల మాటల మధ్య మా ఇంటి సంగతి చిన్నదే అయినా చెప్పాలి.

గుడి మూసినా పూజ ఆగలేదు. దేవుడికి నిత్య కైంకర్యం తప్పదు, కాబట్టి నాన్నగారు రోజూ వెళ్లి ఏకాంతంగా చేసి వచ్చేవారు. ఆ విషయంలో మాకు కొంత ఊరట. సామూహికంగా నిలబడితే తప్ప పూర్తి కాని ఆరాధన ఉన్నవాళ్ల కష్టం మాకు లేదు. సఫ్ గారికి జుమా, యూదులకు మిన్యాన్, అంటే సామూహిక ప్రార్థనకు కనీసం పది మంది ఉండాలన్న నియమం, వాళ్ల బాధ వేరు. అందుకే "అన్ని మతాలకూ ఒకే నియమం" అన్నది వినడానికి బాగుంటుంది, ఆచరణలో ఒకరి మీద తేలిగ్గా, ఇంకొకరి మీద బరువుగా పడుతుంది.

మాకు దెబ్బ తగిలింది ఇంకో చోట. జీతం అంతంతమాత్రం, భక్తుల దక్షిణతోనే ఇల్లు గడిచేది. మేళం వాయించేవాళ్లు, గుడి ముందు పూలమ్ముకునే ఆవిడ, తలనీలాలు తీసే క్షురకులు, వీళ్లెవరి పేరూ ఏ ఉత్తర్వులోనూ లేదు. ప్రార్థనాలయం మూయడమంటే కొన్ని వందల పొయ్యిలు ఆర్పడం కూడా.

జూన్ 4న కేంద్ర ఆరోగ్య శాఖ నియమాలు ఇచ్చింది: విగ్రహాలు ముట్టుకోవద్దు, ప్రసాదం పంచొద్దు, తీర్థం చల్లొద్దు, భజన బృందాలు వద్దు, రికార్డు పాటలు పెట్టుకోండి. నాన్నగారు అన్నీ పాటించారు. ఆయన అన్న మాటొకటే: "మమ్మల్ని అడిగితే తలుపులన్నీ తీసి, దర్శనం ప్రాకారంలోంచి పెట్టేవాళ్లం. గాలి ఆడేది." గాలి సంగతి నిపుణులు గట్టిగా చెప్పడానికి చాలాకాలం పట్టింది, ఆయనకు ఎలా తట్టిందో.

పూరీ రథయాత్ర గుర్తుందా? 2020 జూన్ 18న సుప్రీంకోర్టు ఆపేసింది. 22న మళ్లీ విని, భక్తులు లేకుండా జరపమంది. పట్టణంలో కర్ఫ్యూ, ఒక్కో రథాన్ని లాగేవాళ్లు 500 మందికి మించకూడదు, లాగేవాళ్లకు ముందే పరీక్షలు, రథానికీ రథానికీ మధ్య గంట వ్యవధి. పూరీ ఆలయ కమిటీ అధ్యక్షుడైన గజపతి మహారాజు, ఒడిశా ప్రభుత్వం, కేంద్రం కలిసి కూర్చుంటే నాలుగు రోజుల్లో దారి దొరికింది.

ప్రశ్నించేవాడు:

సరే, "అడగాలి" అనే వాదన ఒప్పుకుంటాను. అడిగాక కూడా చెడిన ఉదాహరణలు ఉన్నాయి కదా. పాకిస్తాన్‌లో 2020 ఏప్రిల్ 18న అధ్యక్షుడు, ఉలేమాలు (ముస్లిం మత పండితులు) కూర్చుని 20 అంశాల ఒప్పందం చేసుకున్నారు. తివాచీలు తీసేయాలి, దూరంగా నిలబడాలి, యాభై దాటినవాళ్లు రాకూడదు. కాగితం మీద బ్రహ్మాండం, రంజాన్‌లో చాలా మసీదుల్లో అమలే కాలేదు. మన హరిద్వార్ సంగతి? 2021 ఏప్రిల్‌లో రెండో వేవ్ ఎగుస్తుంటే కుంభమేళా స్నానాలు జరిగాయి. లక్షల మంది వచ్చాక, 17న ప్రధాని ఇక ప్రతీకాత్మకంగా జరపమని విజ్ఞప్తి చేశారు. అక్కడ ప్రభుత్వం విశ్వాసులను అణచలేదు, వాళ్లకు భయపడింది. భయం వల్ల పోయిన ప్రాణాలు కూడా లెక్కలోకి రావాలి.

1918 ఫ్లూలో స్పెయిన్‌లోని జమోరా బిషప్ అధికారుల మాట వినకుండా సామూహిక ప్రార్థనలు పెట్టించారు. దేశంలో ఎక్కువ మరణాల రేటు చూసిన నగరాల్లో అదొకటి అయింది.

సఫ్:

ప్రశ్నించేవాడు అన్నా, హరిద్వార్ గురించి మీరన్నది నిజం. మాలో కొందరు ఆ రోజుల్లో "నిజాముద్దీన్‌ను తిట్టిన నోళ్లు ఇప్పుడేవి?" అని అడిగారు. నేను వాళ్లను ఆపాను. స్నానానికి వెళ్లిన ముసలావిడ మీద నాకేం పగ? ఆవిణ్ణి రమ్మని పిలిచినవాళ్లను అడగాలి. అదే ఏడాది జులైలో కావడి యాత్ర విషయంలో సుప్రీంకోర్టు తనంతట తానే ప్రశ్నించాక ఉత్తరప్రదేశ్‌లో యాత్ర ఆగింది. ఉత్తరాఖండ్ అంతకు ముందే రద్దు చేసుకుంది. ఆ నెలలోనే బక్రీద్‌కు కేరళ ఇచ్చిన సడలింపులను కూడా కోర్టు తప్పుపట్టింది. ఆ రెండు తీర్పులూ నాకు సంతోషమే. ఒకే తూకం అంటే అదీ.

ఆల్టో_గొంతు:

చర్చి క్వయర్‌లో పాడతాను. నర్సు గారు రాసిన స్కాజిట్ వ్యాలీ సంగతి అప్పట్లో చదివిన రోజు నుంచి మేం పాడటం ఆపేశాం, ఎవరూ చెప్పకముందే.

ఆన్‌లైన్ ఆరాధన గురించి ఎవరూ పెద్దగా రాయలేదు, అందుకని రాస్తున్నాను. మంచం పట్టినవాళ్లకు అది వరమైంది. వినికిడి తక్కువైన మా పెద్దమ్మ ఏళ్ల తర్వాత ప్రసంగం పూర్తిగా వినగలిగింది. కానీ ప్రభు భోజనం స్క్రీన్ మీద ఎలా తీసుకుంటాం? మాలోనే రెండు వర్గాలయ్యాయి. ఎవరింట్లో వాళ్లు రొట్టె పెట్టుకుంటే చాలని కొందరు, సంఘం కూడే దాకా ఉపవాసంలా ఆగాలని కొందరు. ఇజ్రాయెల్‌లో ఆ ఏడాది యూదుల పస్కా పండుగకు ఒంటరి వృద్ధుల కోసం జూమ్ వాడొచ్చని కొందరు ఆర్థడాక్స్ రబ్బీలు (మత గురువులు) అంటే, ప్రధాన రబ్బీలు ఒప్పుకోలేదు. వాటికన్ మార్చి 20న జబ్బుపడినవాళ్లకు ప్రత్యేక పాప పరిహార వెసులుబాట్లు ప్రకటించింది. ఇవన్నీ సంఘాలు తమలో తాము తేల్చుకున్న విషయాలు. అలా తేల్చుకునే హక్కు తమదే అని స్కాట్లాండ్‌లో చర్చి నాయకులు కోర్టుకు వెళ్తే, 2021 మార్చి 24న జడ్జి అదే ఒప్పుకున్నారు. ఇకమీదట ఆరాధనంతా ఆన్‌లైన్‌లోనే అని నిర్ణయించడం ప్రభుత్వం పని కాదన్నారు. ఆ వాక్యం నాకు చాలా ధైర్యమిచ్చింది.

నీలికాగితం:

ఇంతవరకూ ఎవరూ ముట్టుకోని చోటికి వెళ్దాం. అంత్యక్రియలు. ప్రార్థన రేపటికి వాయిదా వేసుకోవచ్చు, మనిషిని సాగనంపడం వాయిదా పడదు.

శ్రీలంకలో 2020 ఏప్రిల్ 11న కోవిడ్‌తో పోయిన వాళ్లందరినీ దహనం చేయాలని గెజిట్ వచ్చింది. ఖననమైనా దహనమైనా చేయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకు ముందే మార్చిలో చెప్పింది. ఖననం చేస్తే భూగర్భజలం పాడవుతుందన్న వాదనకు శాస్త్రీయ ఆధారం లేకపోయినా, అక్కడ ముస్లింలనీ ఖననం కోరుకున్న క్రైస్తవులనీ కుటుంబాల అభ్యంతరం లెక్కచేయకుండా దహనం చేశారు. డిసెంబరులో ఇరవై రోజుల పసిబిడ్డను కూడా. ఆ తర్వాత మతాలకతీతంగా జనం శ్మశానం కంచెకు తెల్ల గుడ్డ ముక్కలు కట్టి నిరసన తెలిపారు. 2021 ఫిబ్రవరి చివర్లో ఆ నియమం మార్చారు. 2024 జులైలో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. బూడిదైన వాళ్లను తిరిగి ఖననం చేయలేరు కదా.

ఇది జబ్బు నియంత్రణ కాదు. ఆంక్ష పేరుతో ఒక సమాజానికి జరిగిన అవమానం. అందుకే ఆంక్ష పెట్టారా లేదా అన్నది కాదు, పెట్టిన తీరే ముఖ్యం అంటున్నాను.

ఇంకో వైపు 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా. శవాన్ని కడగడం, ముట్టుకోవడం వల్లే జబ్బు బాగా పాకేది, అంటే అక్కడ ప్రమాదం కోవిడ్ కంటే ఎన్నో రెట్లు నిజం. మొదట్లో అధికారులు శవాల్ని సంచుల్లో చుట్టి తీసుకెళ్తుంటే జనం రాళ్లు వేశారు, రాత్రిపూట దొంగగా పాతిపెట్టారు. నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇమాములను, పాస్టర్లను, మత సేవా సంస్థలను కూర్చోబెట్టి "సురక్షితమైన, గౌరవప్రదమైన ఖననం" పద్ధతి రాసింది. కడగడానికి బదులు ఏం చేయొచ్చో ఇమాములే చెప్పారు. ప్రార్థనకు, కుటుంబం దూరం నుంచి చూడటానికి సమయం ఇచ్చారు. జనం దాచడం తగ్గింది.

రాత్రిడ్యూటీ:

మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా వార్డులో ఎవరైనా పోతే ఇంటివాళ్లకు ఫోన్‌లో వీడియో చూపించేవాళ్లం. ఒకసారి ఒకాయన కొడుకు "చెవిలో కలిమా చదవనిస్తారా?" అని అడిగాడు. ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి చెవి దగ్గర పట్టుకున్నాను. ఇంకొకరికి విష్ణు సహస్రనామం. ఇంకొకావిడకు కీర్తన. ఏ నియమంలోనూ ఇది చేయమని లేదు, చేయొద్దనీ లేదు. మాలో కొందరు చేశాం, చేతిలో పని ఆగక కొందరు చేయలేకపోయారు. వాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆసుపత్రి నియమంగా రాసి ఉంటే, దానికి ఒక మనిషిని పెట్టి ఉంటే, అందరికీ దక్కేది.

కోర్టుమెట్లు:

మాటలతో ఆపకుండా, మహమ్మారి మళ్లీ వస్తే ప్రభుత్వం ముందు పెట్టాల్సిన కోరికలు ఇప్పుడే రాసుకుందాం. నా వైపు నుంచి: ప్రతి ఉత్తర్వుకూ గడువు తేదీ ఉండాలి, పొడిగించాలంటే కారణం కొత్తగా రాయాలి. మనుషుల సంఖ్య భవనం వైశాల్యాన్ని, గాలిని బట్టి ఉండాలి, అందరికీ ఒకే అంకె వద్దు. ఆరుబయటకు వేరే నియమం. జిల్లా స్థాయిలో అన్ని మతాల ప్రతినిధులూ, ఒక ప్రజారోగ్య నిపుణుడూ ఉన్న కమిటీ, జబ్బు లేని రోజుల్లోనే. అంత్యక్రియల మీద ఏ ఆంక్ష అయినా శాస్త్రీయ కారణం బయటపెట్టాకే అమల్లోకి రావాలి. కేసుల ప్రకటనల్లో మతం పేరు రాయకూడదు.

ప్రశ్నించేవాడు గారూ, నాటక కళాకారుణ్ణి మర్చిపోలేదు. వైశాల్యం, గాలి అన్న నియమం ఆయనకూ వర్తిస్తుంది.

ప్రశ్నించేవాడు:

అలాగైతే నాకూ సమ్మతమే. ఒకటి చేర్చండి: మాట ఇచ్చిన మత పెద్దలు దాన్ని అమలు చేయకపోతే ఆ చోటుకు అనుమతి పోవాలి, ఓట్ల లెక్క చూడకుండా.

గర్భగుడి_గుమ్మం:

చేర్చండి, మేం ఒప్పుకుంటాం. మూసినన్నాళ్లూ అర్చకులు, అజాన్ పిలిచే ముఅజ్జిన్లు, చర్చి కాపలాదార్లు, గుడి మీద బతికే చిన్న పనివాళ్లకు నెలసరి సాయం అన్నది కూడా రాయండి. కడుపు నిండినవాడే ఆంక్ష పాటించగలడు.

ఆల్టో_గొంతు:

మేం మా హాల్లో కార్బన్ డయాక్సైడ్ మీటరు పెట్టాం. నర్సు గారూ, ఎంత ఉంటే పాడొచ్చు? ఆరాధన చివరికి 1,400 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లు) దాకా వెళ్తోంది.

రాత్రిడ్యూటీ:

1,400 ఎక్కువండీ. బయటి గాలిలో 420 చుట్టూ ఉంటుంది. లోపల 800 దాటకుండా చూసుకోమని నిపుణులు సాధారణంగా చెబుతారు. మీటరు కిటికీ పక్కన కాకుండా హాలు మధ్యలో, కూర్చున్న మనిషి ముక్కు ఎత్తులో పెట్టండి. నిండుగా జనం ఉన్న ఆదివారం చివరి పాట తర్వాత చూడండి. ఎదురెదురు కిటికీలు తీస్తే ఎంత తగ్గుతుందో రాసుకోండి. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి పెట్టి మళ్లీ చూడండి. 800 అన్నది గాలి ఎంత మారుతోందో చెప్పే గుర్తు మాత్రమే, జబ్బు లేదని హామీ కాదు. జబ్బు ఊళ్లో తిరుగుతుంటే పాటకు మాస్కు తప్పదు. సఫ్ భాయ్, మీ మసీదులో, గుమ్మం గారి మండపంలో కూడా కొలిచి అంకెలు ఇక్కడ పెడితే పోల్చి చూద్దాం.